కణం ఓర్పుకు హద్దు ఎక్కడ?

యంత్రం మొర పెట్టుకుంటే వినడం మా వృత్తి. బేరింగు వేడెక్కినా, పంపు అదిరినా, నూనె ఒత్తిడి తగ్గినా మేము క్షణం ఆలస్యం చేయం. యంత్రాన్ని ఆపివేస్తాం, కారణం తెలిసిన తరువాతనే తిరిగి నడుపుతాం. దాదాపు మూడు దశాబ్దాలుగా యాంత్రిక నిర్వహణ విభాగంలో ఈ క్రమశిక్షణకు అలవాటుపడినవారం. అయినప్పటికీ కొన్నేళ్ల క్రిందట ఒక రాత్రి షిఫ్టులో, యంత్రం కాక మనిషి మొర పెట్టుకున్నప్పుడు, మేము వినలేకపోయాం.

వేసవి కాలం. మిల్లులో గేర్‌బాక్సు మార్చే పని జరుగుతున్నది. రాత్రి రెండు గంటల ప్రాంతంలో మా సీనియర్ ఫోర్‌మన్ గారు ఛాతీ మధ్యలో బరువుగా ఉన్నదన్నారు. నుదుట చెమటలు పట్టాయి. మండు వేసవిలో, కొలిమి దాపున, చెమట పట్టనిదెవరికి? క్యాంటీనులో తిన్న మిరపకాయ బజ్జీలదే దోషమని అందరం కలసి తీర్మానించాం. ఒకరు సోడా తెచ్చారు, మరొకరు మజ్జిగ తెచ్చారు. "ఏం లేదు సార్, గ్యాసు. పని మధ్యలో ఉంది. షిఫ్టు అయ్యాక డాక్టరు గారి దగ్గరకు వెళతాను" అన్నారాయన. మేము సరేనన్నాం. ఆయన మాట మన్నించామని అప్పుడు అనుకున్నాం. ఉదయానికి మిల్లు తిరగాలనే తొందర కూడా ఆ 'సరే'లో ఉన్నదని ఒప్పుకొనడానికి మాకు చాలా కాలం పట్టింది.

ఆసుపత్రికి చేరేసరికి ఉదయం ఆరున్నర అయింది. గుండెపోటు అని తేల్చారు. ఆయన బ్రతికారు, అది మా అదృష్టం. కాని మూడు నెలల తరువాత తిరిగి విధులలో చేరినప్పుడు, ఇరవై ఏళ్లుగా ఎక్కుతున్న క్రేను నిచ్చెనను సగం కూడా ఎక్కలేకపోయారు. మేము వైద్యుని కలసి కారణం అడిగాం. "ఇంజనీరు గారూ, మనిషిని తీసుకొచ్చారు, సంతోషం. కాని ఆ నాలుగున్నర గంటలలో ఆయన గుండె కండరం కొంత చచ్చిపోయింది. అది తిరిగి మొలవదు" అన్నారు.

కండరం చచ్చిపోవడమంటే ఏమిటి? మనిషి బ్రతికి ఉండగా ఆయన శరీరంలో ఒక భాగం ఎట్లా మరణిస్తుంది? ఎంత సేపటిలో మరణిస్తుంది? ఈ ప్రశ్నలు మమ్మల్ని వదలలేదు. మేము వైద్యులం కాము. అయితే ఆ వైద్యుని ఓపిక వలన, కొన్ని పుస్తకాల సహాయంతో తెలుసుకున్న విషయాలను మన ఉద్యోగ సోదరులతోను, వారి కుటుంబాలతోను పంచుకొనడం మా బాధ్యత అని భావిస్తున్నాం.

కణమనే కర్మాగారం

వ్యాధికి స్థానం ఏది అనే ప్రశ్నకు ప్రాచీనులు అనేక సమాధానాలు చెప్పారు. 1858లో రుడాల్ఫ్ విర్ఖో అనే జర్మన్ వైద్యుడు బెర్లిన్ నగరంలో చేసిన ఉపన్యాసాలలో, వ్యాధి మూలం కణంలోనే ఉన్నదని నిరూపించే ప్రయత్నం చేశాడు. నేటి రోగ నిర్ధారణ శాస్త్రం చాలా వరకు ఆ పునాదిపైనే నిలిచి ఉన్నది. అవయవం దెబ్బ తినడమంటే దానిలోని కణాలు దెబ్బ తినడమే.

కణాన్ని ఒక చిన్న కర్మాగారంతో పోల్చవచ్చు. దాని చుట్టూ ఉండే పలుచని పొర ప్రహరీ గోడ. లోపల ఉండే మైటోకాండ్రియాలు విద్యుత్ కేంద్రాలు. కేంద్రకం డిజైను కార్యాలయం. నమూనా చిత్రాలన్నీ అక్కడ భద్రంగా ఉంటాయి. లైసోజోములనే సంచులలో వ్యర్థాలను కరిగించే ఘాటైన ఎంజైములు ఉంటాయి. గోడలో అమర్చిన సూక్ష్మమైన పంపులు లోనికి చొరబడే సోడియంను రాత్రింబవళ్లు బయటకు తోడిపోస్తూ ఉంటాయి. నీటి మట్టం పైకి రాకుండా గనిలో పంపులు ఎట్లా ఆగకుండా నడవాలో, ఇవీ అట్లే నడవాలి.

ఈ పంపులను నడిపే ఇంధనం పేరు ఎ.టి.పి. దీనిని లోకానికి తెలియజేసినవారిలో మన తెలుగువాడు ఉండడం మనందరికీ గర్వకారణం. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారు, అమెరికాలోని హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్క్ అనే ఆచార్యునితో కలసి కండరాలలోని ఫాస్ఫరస్ పదార్థాలను పరిశోధించారు. 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఎ.టి.పి.ని గుర్తించారు. అదే కాలంలో జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా ఎ.టి.పి.ని కనుగొన్నాడు. కణానికి కలిగే గాయాన్ని గురించి ఈనాడు ఏ వైద్య గ్రంథం వ్రాసినా, అందులో మొదటి పుటలలోనే ఈ ఇంధనం ప్రస్తావన వస్తుంది.

సర్దుబాటు నుండి వైఫల్యం వరకు

ఉక్కు కడ్డీని లాగితే అది కొంత సాగుతుంది; వదిలితే యథాస్థితికి వస్తుంది. స్థితిస్థాపక అవధి దాటేవరకే ఈ సౌకర్యం. ఆ తరువాత వదిలినా కడ్డీ పాత పొడవుకు రాదు. ఇంకా లాగితే తెగుతుంది. ఈ సంగతి మనకు డిప్లొమా మొదటి సంవత్సరంలోనే చెప్పారు. కణం కథ కూడా స్థూలంగా ఇంతే. అయితే కణం ప్రాణమున్న పదార్థం గనుక, భారం పెరిగినప్పుడు అది కేవలం భరించి ఊరుకోదు. తనను తాను మార్చుకొనే ప్రయత్నం చేస్తుంది.

రక్తపోటు ఎక్కువైన మనిషి గుండె ఎక్కువ ఒత్తిడికి ఎదురుగా పని చేయాలి. అందువలన గుండె కండర కణాలు లావెక్కుతాయి. చెయ్యి విరిగి కొన్ని వారాలు కట్టులో ఉంటే, పని లేని కండరం సన్నబడుతుంది. పొగ త్రాగేవారి శ్వాసనాళాలలో దుమ్మును పైకి ఊడ్చే సున్నితమైన రోమాలు గల కణాల స్థానంలో, చర్మాన్ని పోలిన మొరటు కణాలు చేరుతాయి. వేడి పొగను అవి తట్టుకుంటాయి, కాని ఊడ్చే పని చేయలేవు. దగ్గు మిగులుతుంది. ఆ మార్పు చోటు చేసుకున్న ప్రదేశంలోనే పొగ అలవాటు కొనసాగితే క్యాన్సరు పుట్టే ప్రమాదమున్నది. సర్దుబాటు చేసుకున్నదంటే బాగున్నదని అర్థం కాదు. అదనపు భారంతో నడుస్తున్న మోటారు ట్రిప్ కాలేదు గనుక క్షేమమేనని ఏ ఇంజనీరూ అనడు గదా!

సర్దుబాటు చాలనప్పుడు గాయం మొదలవుతుంది. ఇందులోనూ రెండు దశలున్నాయి. మొదటిది కోలుకోగల గాయం. రెండవది కోలుకోలేని గాయం. ఈ రెండింటి నడుమ ఉన్న గీతను దాటడానికి పట్టే వ్యవధియే ఈ వ్యాసానికంతటికీ ముఖ్యమైన విషయం.

ఆ నాలుగున్నర గంటలలో ఏమి జరిగింది?

మా ఫోర్‌మన్ గారి గుండెలో ఆ రాత్రి ఒక రక్తనాళం మూసుకుపోయింది. ఆ నాళంపై ఆధారపడిన కండరానికి ప్రాణవాయువు అందలేదు. సరఫరా ఆగిన మొదటి నిమిషంలోపే ఆ భాగంలోని కణాలు సంకోచించడం మానుకుంటాయి. ఇది మరణం కాదు. ఉన్న కొద్దిపాటి ఇంధనాన్ని ప్రాణరక్షణకు మిగుల్చుకొనే ప్రయత్నం అనవచ్చు. మైటోకాండ్రియాలు ప్రాణవాయువు లేక చల్లబడతాయి. కణం చక్కెరను ప్రాణవాయువు లేకుండానే మండించుకొంటుంది. దాని వలన లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది. ఇంధనం తగ్గి సోడియం పంపులు మందగిస్తాయి. సోడియం, దాని వెంట నీరు లోనికి వచ్చి కణం ఉబ్బుతుంది. ఇంత జరిగినా, ఈ దశలో రక్తం తిరిగి అందితే ఆ కణం కోలుకుంటుంది.

రక్తం పూర్తిగా ఆగిపోతే, గుండె కండరంలో ఈ అవకాశం సుమారు 20 నుండి 40 నిమిషాల వరకు మాత్రమే ఉంటుంది. ఆ తరువాత మైటోకాండ్రియాలు మరమ్మతుకు అందని విధంగా పాడవుతాయి. ప్రహరీ గోడకు గండ్లు పడతాయి. కాల్షియం వరదలా లోనికి వచ్చి, నిద్రాణంగా ఉన్న ఎంజైములను మేల్కొల్పుతుంది. లైసోజోములు చిట్లి, వ్యర్థాలను కరిగించవలసిన ద్రవం సొంత ఇంటినే కరిగించడం ఆరంభిస్తుంది. అప్పుడు రక్తం తిరిగి పంపినా ఆ కణం బ్రతకదు.

అదృష్టవశాత్తు కండరమంతా ఒక్కసారిగా మరణించదు. గుండె గోడ లోపలి పొరలో మొదలైన మరణం కొన్ని గంటలపాటు అలవలె వెలుపలి వైపునకు వ్యాపిస్తుంది. కనుక అరగంటలో వెళ్లినవారికి దక్కేది ఎక్కువ, రెండు గంటలలో వెళ్లినవారికి అంతకంటె తక్కువ, నాలుగున్నర గంటలకు వెళ్లినవారికి మరీ తక్కువ. గడ్డను కరిగించే మందు గాని, నాళాన్ని తెరచే చికిత్స గాని మొదటి గంటలలోనే ఎక్కువ మేలు చేయడానికి కారణమిదే. సోడా, మజ్జిగలతో మేము ఖర్చు పెట్టినది ఆ గంటలనే.

కణాలన్నింటి ఓర్పు ఒకటి కాదు. మెదడులోని నాడీకణాలు ప్రాణవాయువు లేకుండా మూడు నుండి ఐదు నిమిషాలకంటె తాళలేవు. కాలేయ కణాలు గంట, రెండు గంటలు ఓర్చుకుంటాయి. చేతి, కాలి కండరాలు మరికొన్ని గంటలు నిలుస్తాయి. మెదడులో పెద్ద రక్తనాళం మూసుకుపోయి పక్షవాతం వచ్చినప్పుడు, చికిత్స అందని ప్రతి నిమిషానికి సగటున 19 లక్షల నాడీకణాలు నశిస్తాయని 2006లో ఒక పరిశోధకుడు లెక్కకట్టాడు. ఈ ఒక్క అంకెను గుర్తుంచుకుంటే చాలు, "కాసేపు పడుకుంటే తగ్గుతుందిలే" అనే మాట మన ఇళ్లలో వినబడదు.

గాయానికి కారణాలు

కణానికి హాని చేసే కారణాలు వైద్య గ్రంథాలలో వర్గీకరింపబడి ఉన్నాయి. మన పనికి, మన ఇంటికి దగ్గరగా ఉన్నవాటినే ఇక్కడ వివరిస్తున్నాం.

ప్రాణవాయువు కొరత: అన్నింటికంటె సామాన్యమైన కారణమిది. రక్తనాళం మూసుకుపోవడమే కాదు, రక్తం ప్రవహిస్తున్నా అందులో ప్రాణవాయువు లేకపోవచ్చు. కార్బన్ మోనాక్సైడ్ ఇందుకు ఉదాహరణ. రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ప్రాణవాయువు కంటె రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. బ్లాస్ట్ ఫర్నేసు నుండి వచ్చే వాయువులో ఐదవ వంతుకు పైగా ఇదే ఉంటుంది. మీటరు మోగినప్పుడు ముఖానికి చేతి రుమాలు కట్టుకొని లోనికి పోవడం సాహసం కాదు, ఆత్మహత్య. ఇంటిలోనూ ఈ వాయువు పుడుతుంది. తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి, గాలి ఆడని స్నానాల గదిలో గ్యాసు గీజరు, ఇంటి లోపల నడిపే జనరేటరు మన దేశంలో ప్రాణాలు తీసిన సందర్భాలు అనేకం.

వేడి: చర్మం విషయంలో వేడి ఎంత అనే దానితోబాటు ఎంత సేపు అనేదీ లెక్కలోనికి వస్తుంది. 1947లో అమెరికాలో మోరిట్జ్, హెన్రిక్స్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు చేసిన ప్రయోగాలలో, 44 డిగ్రీల వేడి చర్మాన్ని చంపడానికి సుమారు ఆరు గంటలు పట్టింది. 60 డిగ్రీల వద్ద కొద్ది సెకన్లు చాలినాయి. మంట తొలగిన తరువాత కూడా చర్మంలో నిలిచిన వేడి లోతుకు దిగుతూ ఉంటుంది. కాలిన చోటును పారే చల్లని నీటి క్రింద 20 నిమిషాలు ఉంచడంలోని రహస్యమిదే. పళ్ల పేస్టు, సిరా, పసుపు, వెన్న వేడిని లోపలే బంధిస్తాయి. పైగా డాక్టరుకు గాయం కనబడనీయవు. మంచుగడ్డ పెడితే చలి వలన మరొక గాయం కలుగుతుంది.

విద్యుత్తు: చర్మంపై కనబడే మచ్చ చిన్నది, లోపలి నష్టం పెద్దది. విద్యుత్తు చేతిలో ప్రవేశించి కాలిలో బయటపడితే, నడుమ ఉన్న కండరాలన్నీ వేడికి ఉడికి ఉండవచ్చు. మరణించిన కండరాల నుండి మయోగ్లోబిన్ అనే పదార్థం రక్తంలో కలసి మూత్రపిండాలను దెబ్బ తీస్తుంది. శిథిలాల క్రింద నలిగినవారిలోనూ ఇదే జరుగుతుంది. 1940–41లో లండను నగరంపై బాంబుల వర్షం కురిసినప్పుడు, శిథిలాల నుండి క్షేమంగా వెలికితీసినవారు కొద్ది రోజులలో మూత్రపిండాలు విఫలమై చనిపోవడాన్ని బైవాటర్స్, బీల్ అనే వైద్యులు 1941లో వివరించారు. కనుక షాకు తగిలినవాడు లేచి నడిచినా, కాలు నలిగినవాడు నవ్వుతూ మాట్లాడినా, ఆసుపత్రికి తీసుకొని వెళ్లవలసినదే. మూత్రం ముదురు కషాయం రంగులో ఉంటే ఒక్క నిమిషం కూడా ఆగరాదు.

శబ్దం: లోపలి చెవిలో సుమారు 15,000 సూక్ష్మ రోమ కణాలున్నాయి. మనం పుట్టినప్పుడు తెచ్చుకున్నవే అవి, కొత్తవి పుట్టవు. 85 డెసిబెల్స్ శబ్దంలో ఎనిమిది గంటలు పని చేయడాన్ని హద్దుగా చెబుతారు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్ పెరుగుదలకు శబ్దశక్తి రెట్టింపవుతుంది గనుక, క్షేమంగా ఉండగల సమయం సగమవుతుంది. "మాకు అలవాటైపోయింది, చెవికి వినబడదు" అని కంప్రెసరు హౌసులో పని చేసేవారు అంటూ ఉంటారు. అది అలవాటు కాదు, నష్టం.

రసాయనాలు: 1984 డిసెంబరు 2వ తేదీ రాత్రి భోపాల్ నగరంలో వెలువడిన మిథైల్ ఐసోసయనేట్ నిద్రిస్తున్న వేలమంది కండ్లలోని, ఊపిరితిత్తులలోని సున్నితమైన పొరలను కాల్చివేసింది. ఊపిరితిత్తులు నీటితో నిండి అనేకులు మరణించారు. బ్రతికినవారిలో అనేకులకు శ్వాస మునుపటివలె రాలేదు. ఇది పెద్ద ప్రమాదం. చిన్న ప్రమాదాలు మన ఇంటిలోనే ఉన్నాయి. కిళ్లీకి వాడే సున్నం పొట్లాన్ని పిల్లలు నొక్కి చిమ్మించుకొని కండ్లు పోగొట్టుకొనడం మన దేశంలో కంటి వైద్యులు తరచు చూస్తున్న విషాదం. ఆమ్లం పడితే కణాలలోని మాంసకృత్తులు గడ్డకట్టి ఒక అడ్డుగోడ ఏర్పడుతుంది. క్షారం అట్లా కాదు. కణజాలాన్ని కరిగించుకుంటూ లోతుకు పోతుంది. అందువలన కంటిలో సున్నం పడినప్పుడు కనీసం అరగంట ధారగా నీరు పోసి కడగాలి. రేణువులు కనబడితే తొలగించాలి. ఆ తరువాతనే ఆసుపత్రికి ప్రయాణం.

మందు కూడా మోతాదు మించితే విషమే. జ్వరానికి వేసుకొనే పారాసిటమాల్ పెద్దవారికి రోజుకు 4 గ్రాములు మించరాదు. జ్వరం మాత్రలోను, జలుబు మాత్రలోను అదే మందు ఉండవచ్చునని గమనించక రెండూ కలిపి వేసుకొనేవారున్నారు. హద్దు దాటినప్పుడు కాలేయ కణాలలోని రక్షణ పదార్థం అయిపోయి, ఆ కణాలు మరణిస్తాయి. మొదటి రోజు మనిషి బాగానే కనబడతాడు. విరుగుడు మందు ఎనిమిది గంటలలోపు అందితే చాలా వరకు కాపాడగలదు. ఇక్కడా కాలానిదే మాట.

ఇతర కారణాలు: సూక్ష్మజీవులు, మన రోగ నిరోధక శక్తియే మనపై తిరగబడడం, వంశానుగత లోపాలు, పోషకాహారం తగ్గడం లేదా మితిమీరడం, వృద్ధాప్యం ఈ జాబితాలోనివే. మధుమేహం ప్రత్యేకంగా చెప్పదగినది. అది నాళాలను ఇరుకు చేస్తుంది, నరాలను మొద్దుబారుస్తుంది. కాలి గాయం నొప్పి తెలియకుండానే కుళ్లిపోతుంది. సిలికా ధూళిది మరొక తీరు. ఊపిరితిత్తులలోని కాపలా కణం ఆ రేణువును మ్రింగుతుంది. రేణువు దాని లైసోజోమును చీల్చి దానిని చంపి బయటపడుతుంది. మరొక కాపలా కణం దానిని మ్రింగుతుంది. ఈ చక్రం ఆగదు గనుకనే, ఉద్యోగం మానిన తరువాత కూడా సిలికోసిస్ వ్యాధి ముదురుతుంది.

మరణంలో రకాలు

కణాలు మరణించే పద్ధతి అవయవాన్ని బట్టి, కారణాన్ని బట్టి మారుతుంది. గుండెలోను, మూత్రపిండంలోను రక్తం ఆగి మరణించిన కణజాలం కొద్ది రోజులు ఆకారం చెడకుండా గట్టిగా నిలుస్తుంది. మూతబడిన ఫ్యాక్టరీ భవనంవలె బయటకు అంతా ఉన్నట్లే ఉంటుంది, లోపల పని ఉండదు. మెదడులో మాత్రం మరణించిన భాగం కరిగి ద్రవమవుతుంది. చీము గడ్డలోనూ ఇదే స్థితి. క్షయవ్యాధిలో మరణించిన భాగం పొడిపొడిగా, జున్నువలె ఉంటుంది. క్లోమగ్రంథి వాపులో వెలువడిన ఎంజైములు చుట్టూ ఉన్న క్రొవ్వును విడగొడతాయి. అది కాల్షియంతో కలసి సుద్దవంటి తెల్లని మచ్చలవుతుంది. సబ్బు తయారయ్యే రసాయన చర్యే శరీరంలో జరుగుతున్నదన్నమాట. రక్తం అందని కాలు నల్లబడడాన్ని గాంగ్రీన్ అంటాం.

ఇవన్నీ ప్రమాద మరణాలు. వీటికి నెక్రోసిస్ అని పేరు. గోడ పగిలి కణంలోని సరుకంతా వీధిలో పడుతుంది. చుట్టుప్రక్కల వాపు, ఎరుపు, నొప్పి కలుగుతాయి. వైద్యులు ఈ సరుకును బట్టియే ప్రమాదాన్ని కనిపెడతారు. మేము గేర్‌బాక్సు నూనెను నమూనాగా తీసి, అందులోని లోహపు రజనును బట్టి ఏ బేరింగు అరిగినదో చెప్పినట్లే, వారు రక్తంలో ట్రోపోనిన్ పెరిగితే గుండె కండరం అని, ఎస్.జి.పి.టి. పెరిగితే కాలేయం అని అనుమానిస్తారు. మూత తెరవకుండా యంత్రం లోపలి సంగతి తెలుసుకొనే ఉపాయం రెండు చోట్లా ఒకటే.

దీనికి పూర్తిగా భిన్నమైన మరణం మరొకటి కలదు. 1972లో కెర్, వైలీ, కర్రీ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు దానికి ఎపోప్టోసిస్ అని పేరు పెట్టారు. చెట్టు నుండి ఆకు రాలడం అని ఆ గ్రీకు మాటకు అర్థం. కాలం తీరిన కణం, మరమ్మతు చేయరాని లోపం గల కణం తనంత తానుగా, పద్ధతిగా కుదించుకొని, చిన్న చిన్న మూటలుగా విడిపోతుంది. ఇరుగుపొరుగు కణాలు ఆ మూటలను మ్రింగి శుభ్రం చేస్తాయి. వాపు లేదు, నొప్పి లేదు. గర్భస్థ శిశువు వ్రేళ్ల నడుమ ఉండే పొర తొలగి వ్రేళ్లు విడివడేది ఈ విధంగానే. కూలిపోయిన షెడ్డుకు, ప్రణాళిక ప్రకారం విడదీసిన షెడ్డుకు ఉన్న భేదమే ఈ రెండు మరణాలకు ఉన్నది.

మరమ్మతు

పోయిన కణాల స్థానంలో కొత్తవి వస్తాయా? చర్మం, ప్రేగుల లోపలి పొర నిత్యం కొత్తగా పుడుతూనే ఉంటాయి. కాలేయం సాధారణంగా విశ్రాంతిలో ఉన్నా, అవసరమైనప్పుడు తిరిగి పెరుగుతుంది. ఆరోగ్యవంతుని కాలేయంలో సగానికి పైగా తొలగించినా అది మళ్లీ పెరగగలదు. కాని గుండె కండరం, నాడీకణాలు దాదాపుగా తిరిగి రావు. అక్కడ శరీరం నారవంటి మచ్చతో అతుకు వేస్తుంది. ఆ అతుకు గోడ చిరగకుండా కాపాడుతుంది, కాని సంకోచించదు. అతుకు వేసిన భాగం చేయవలసిన పనిని మిగిలిన కండరమే చేయాలి. మా ఫోర్‌మన్ గారు నిచ్చెన సగంలో ఎందుకు ఆగిపోయారో మాకు అప్పుడు అర్థమయింది.

మనం చేయదగినది

వైద్యం వైద్యులు చేస్తారు. వారి వద్దకు చేరేవరకు ఉన్న సమయం మాత్రం మన చేతిలోనిది. కనుక ఈ క్రింది విషయాలను ఇంటిలో అందరికీ, ముఖ్యంగా పిల్లలకు తెలియజేయవలసినదిగా కోరుతున్నాం.

1. ఛాతీలో బరువు, చెమట, ఎడమ చేతికి గాని దవడకు గాని ప్రాకే నొప్పి కనబడితే గ్యాసని తీర్మానించే అధికారం మనకు లేదు. రోగిని నడిపించరాదు. 108కి గాని, కర్మాగారపు అంబులెన్సుకు గాని వెంటనే ఫోను చేయాలి. స్త్రీలలోను, మధుమేహం ఉన్నవారిలోను నొప్పి లేకుండా ఆయాసం, నీరసం మాత్రమే ఉండవచ్చు.

2. మూతి వంకర పోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా మొదట గడియారం చూసి సమయం వ్రాసుకోవాలి. గడ్డను కరిగించే మందుకు సాధారణంగా నాలుగున్నర గంటలే గడువు. డాక్టరు అడిగే మొదటి ప్రశ్న ఆ సమయమే.

3. కాలిన గాయానికి 20 నిమిషాలు పారే నీరు. కంటిలో సున్నం, ఆమ్లం పడితే అరగంట ధారగా నీరు. తరువాత ఆసుపత్రి.

4. వాయువు మీటరు మోగితే మొదట బయటకు. ఆ తరువాత తగిన శ్వాస పరికరంతోనే లోనికి.

5. చెవి మూతలు, ధూళి ముసుగులు ఇన్‌స్పెక్టరు గారి కోసం కాదు. ఒకసారి పోతే తిరిగి రాని కణాల కోసం.

మా ఫోర్‌మన్ గారు పదవీ విరమణ చేసి కొన్నేళ్లయింది. ఆనాటి సంగతిని వ్రాయడానికి అనుమతి కోరుతూ ఇటీవల వారింటికి వెళ్లాం. మమ్మల్ని ఒక్క మాట కూడా అనలేదు. శ్రీమతి గారు మాత్రం కాఫీ ఇస్తూ, "ఆ రాత్రి మీలో ఒక్కరైనా నాకు ఫోను చేసి ఉంటే, నేను బలవంతంగానైనా పంపించేదాన్ని అన్నయ్యగారూ" అన్నారు. దానికి మా వద్ద సమాధానం లేదు. గేర్‌బాక్సు నూనె వేడెక్కినదని ఆనాడు లాగ్‌బుక్కులో వ్రాశాం. మనిషి ఛాతీ బరువెక్కినదని వ్రాయలేదు.

ప్రతి సంవత్సరం మార్చి 4న జాతీయ భద్రతా దినోత్సవం జరుపుకుంటున్నాం, ప్రతిజ్ఞ చేస్తున్నాం. మా విభాగంలో ఆ ప్రతిజ్ఞకు మేమే ఒక వాక్యం చేర్చుకున్నాం: ప్రక్కనున్నవాడు బాగాలేదన్న క్షణాన పని ఆగుతుంది. అప్పటి నుండి రెండు పర్యాయాలు పని ఆపవలసి వచ్చింది. మొదటిసారి అది నిజంగా గ్యాసే. అతడు మరునాడు సిగ్గుపడుతూ విధులకు వచ్చాడు. రెండవసారి వచ్చినది గుండెపోటు. అతడు నేడు క్రేను నిచ్చెన చివరివరకు ఎక్కుతున్నాడు.